సూచన అడగనన్న రాజు

1993 జనవరి 3, ఆదివారం, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలు. ప్రసంగం పదకొండుకే ముగియాలి, ముగియలేదు, అందుకని గడియారం చూశాను. సరిగ్గా అప్పుడే పాస్టరు గారు వేదిక దిగి స్త్రీల వరసల మధ్యకు వచ్చి, నా చెల్లెలి తల మీద చెయ్యి పెట్టి, "వచ్చే క్రిస్మస్ లోపల ఈ గర్భం ఒక కుమారుణ్ణి కంటుంది. ఇది నా మాట కాదు, ప్రవచనం" అన్నాడు. ఆయన పేరు వెనక 'గారు' చేర్చడం ఇక్కడితో ఆపేస్తున్నాను.

చెల్లెలికి అప్పుడు నలభై ఒకటి. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. ఆ మాట వినగానే అది చాప మీద కూలబడి ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. మగవాళ్ళ వైపు మా మరిది లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు. నేను చప్పట్లు కొట్టలేదు. అందుకు తర్వాత ఏడాది పొడుగునా మాటలు పడ్డాను.

మా సంఘం ఫిల్మ్ నగర్ కొండ వాలులో ఒక రేకుల షెడ్డులో కూడేది. అంతకుముందు అందులో సెట్లు కట్టే వడ్రంగులు పనిచేసేవారు. గోడకు ఆనించి ప్లాస్టర్ స్తంభాలు అప్పటికీ ఉండేవి. ఏదో కోర్టు సీనుకు చేసిన సాక్షి బోనునే ప్రసంగ వేదికగా వాడేవారు. అందులో నిలబడి నిజం చెబుతానని ప్రమాణం చేసింది నటులు, తర్వాత ఈయన. విశ్వాసులందరూ సినిమా పనివాళ్ళే. లైట్లు మోసేవాళ్ళు, మేకప్ సహాయకులు, గుంపులో నిలబడే ఆర్టిస్టులు యూసుఫ్‌గూడ నుంచి నడిచి వచ్చేవారు. పాస్టరు కూడా ఒకప్పుడు మద్రాసులో చిన్న వేషాలు వేసినవాడే. నేను ముప్ఫై ఏళ్ళు డబ్బింగ్ చెప్పిన మనిషిని, తెర మీద తల్లులకూ అత్తలకూ గొంతు ఇచ్చాను. గుసగుసకు మైకు దగ్గరికి జరగాలి, గద్దింపుకు అడుగు వెనక్కి వేయాలి. ఆయన అలాగే జరిగేవాడు, అలాగే వెనక్కి వేసేవాడు. అది పరిశుద్ధాత్మ నేర్పిన విద్య అని జనం అనుకునేవారు. రికార్డింగ్ థియేటరులో ఎవరైనా నేర్పుతారు.

ఆ రోజు జరిగింది ఇది. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం మా సంఘాల్లో వాగ్దానపు చీట్లు తీస్తారు. పళ్ళెంలో చిన్న అట్టముక్కలు, ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం. చేతికి ఏది వస్తే అదే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. చెల్లెలి చేతికి పిల్లలు లేని స్త్రీని పాడమని చెప్పే వాక్యం వచ్చింది. ఏం వచ్చిందో చదవమన్నాడు. చదివింది. దిగి వచ్చాడు. నా చేతికి వచ్చిన చీటీలో దీపం గురించి ఉంది. నా కోసం ఎవరూ దిగి రాలేదు.

ఆ వాక్యం నాకు తెలుసు. మా నాన్న గుంటూరు వైపు ఒక మిషన్ బడిలో మాస్టారు. క్రిస్మస్ నెల వచ్చిందంటే పిల్లలకు తలా ఒక ప్రవచనం పంచేవారు. అప్పజెప్పించుకుని వదిలేసేవారు కాదు. నాలుగు ప్రశ్నలు అడిగేవారు. ఎవరు చెప్పారు? ఎవరికి చెప్పారు? ఎప్పుడు చెప్పారు? అప్పుడు వాళ్ళకొచ్చిన కష్టమేమిటి? నాలుగింటికీ జవాబు చెప్పలేకపోతే పండగ నాటకంలో వేషం లేదు. ఆ లెక్కన చూస్తే పాడమని చెప్పింది శత్రువులు కూల్చిన పట్టణంతో. జనం బందీలుగా పోయి వీధులు ఖాళీగా పడి ఉన్న పట్టణంతో. యూసుఫ్‌గూడలో అద్దెకుండే నా చెల్లెలికి, ఒక దర్జీ మనిషికి, నెలలు నిండుతాయని ఆ వాక్యంలో లేదు.

నేను ప్రవచనాలు నమ్మని మనిషిననుకుంటారేమో. నమ్ముతాను. వాటి మీదే నా నమ్మకం నిలబడి ఉంది. ప్రభువు పుట్టబోయే చిన్న ఊరి పేరు చెప్పి, ఏలేవాడు అందులోంచి వస్తాడని ఒక ప్రవక్త రాసి పెట్టాడు. తరాలు చదువుకున్నాయి. తీరా ఆ రోజు వచ్చేసరికి, ఊరి పేరు ఠక్కున చెప్పిన శాస్త్రులు అక్కడిదాకా నడవలేదు. నడిచినవాళ్ళు దారి అడుక్కుంటూ వచ్చిన పరదేశులు. సిలువ కింద అంగీ కోసం చీట్లు వేసుకున్న సైనికులకు, అలా జరుగుతుందని ముందే చెప్పిన కీర్తన తెలియదు. తెలిసి వేసి ఉంటే దాన్ని నెరవేర్పు అనరు, రిహార్సల్ అంటారు. మాట ముందుంది, జరగడం తర్వాత వచ్చింది, జరిపినవాళ్ళకు ఆ మాట తెలియదు. నాకు తెలిసిన నెరవేర్పు ఇది.

డబ్బింగులో ఇందుకు తలకిందులు. తెర మీద పెదవులు ముందే కదిలి ఉంటాయి. ఆ కదలికకు సరిపోయే మాట మేము తర్వాత వెతుకుతాం. నోరు తెరుచుకుంటే 'అమ్మ' అని పెడతాం, మూసుకుంటే ఇంకోటి పెడతాం. కూలి తీసుకుని చేసే పని అది, అందులో తప్పు లేదు. బోనులో నిలబడి దేవుడి పేరున అదే పని చేస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

మార్చిలో చెల్లెలికి ముట్టు ఆగింది. ఏప్రిల్‌లో వికారం. మే నెలలో కడుపు కనిపించింది. సంఘం సంఘమంతా పండగ చేసుకుంది. మా మరిది ఒక స్టూడియో వ్యాన్ డ్రైవరు, అక్కడ వాచ్‌మన్ దగ్గర్నుంచి కెమెరా వాళ్ళ దాకా స్వీట్లు పంచాడు. నేనూ సంతోషించాను, కాదనను. నలభై ఒకటికి కడుపు రాకూడదని ఏముంది, మా మేనత్తకు నలభై మూడుకు వచ్చింది.

జులైలో అనుమానం వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పాలంటే చెల్లెలి పని చెప్పాలి. అది కాస్ట్యూమ్స్ వాళ్ళకు కుట్టేది. సీమంతం సీనుల్లో హీరోయిన్ కట్టుకునే కడుపు దాని ప్రత్యేకత. బనియను గుడ్డ సంచిలో దూది కూరి, అంచులు పల్చగా, నడిమి దిట్టంగా కుట్టి వెనక మూడు నాడాలు పెట్టేది. అయిదో నెలకు ఒకటి, ఏడో నెలకు ఒకటి, తొమ్మిదికి ఒకటి. యూసుఫ్‌గూడలో వాళ్ళ అద్దె గది గోడకు మూడు మేకులు, మూడు కడుపులు. కొలతలు అది ఆసుపత్రిలో గర్భిణులను చూసి నేర్చుకుంది, తేడా రానివ్వదు.

ఆ మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి జాకెట్టు కుట్లు విప్పి వదులు చేసుకుంటోంది.

"మళ్ళీనా? పోయిన వారమేగా విప్పావు."

"పెరుగుతున్నాడక్కా, ఏం చెయ్యమంటావు."

"ఎన్నో నెల?"

"అయిదు."

నేను లేచి, తొమ్మిదో నెల సంచి మేకు మీంచి తీసి, చీర పైనే నా నడుముకు కట్టుకున్నాను. దాన్ని పట్టుకుని అద్దం ముందుకు లాక్కెళ్ళి పక్కన నిలబెట్టాను. పక్కకు తిరగమన్నాను. ఇద్దరివీ సరిసమానంగా ఉన్నాయి. ఒక వేలెడు దానిదే ఎక్కువ.

అది అద్దంలో చూసి పగలబడి నవ్వింది. "అక్కా, యాభై ఆరేళ్ళకు నీకూ నెలలు నిండాయే. బావ ఉంటే ఎంత సంబరపడేవాడో."

సరిగ్గా అప్పుడే ఇంటి ఓనరమ్మ గుమ్మంలోకి వచ్చింది. తెలంగాణ మనిషి, ఆరుగురు పిల్లల తల్లి. ఇద్దర్నీ కిందికీ పైకీ చూసి, "ఏందమ్మా గిది, అక్కచెల్లెండ్లు ఇద్దరు ఒక్కపారే కడుపుతోనున్నరు?" అంది. నవ్వులన్నీ అయ్యాక, చెల్లెలి కడుపు మీద చెయ్యి వేసి, "అయిదు నెల్లకే గింతనా? కవలలున్నరేమో. జర డాక్టరమ్మకు సూపియ్యుండ్రి" అంది.

ఆమె అన్న రెండు ముక్కల్లో మా మరిది పాస్టరు దగ్గరికి ఒకటే మోసుకెళ్ళాడు. ఆదివారం బోనులోంచి కొత్త మాట వచ్చింది. దేవుడు రెండంతలు ఇస్తున్నాడట. ఒక కుమారుడని జనవరిలో చెప్పినవాడు ఇద్దరని జులైలో చెప్పాడు. పెదవులు వెడల్పయ్యాయి, మాట వెడల్పు చేశాడు. ఒక్కరూ అడగలేదు.

నేను మధురానగర్ దగ్గర ఒక స్కానింగ్ సెంటరులో రోజు ఖాయం చేసుకున్నాను. అప్పటికి దాని చేతులు పుల్లలయ్యాయి. గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. బిడ్డ కదిలాడా అని అడిగితే, "నిమ్మళం మనిషక్కా, వాళ్ళ నాన్న పోలిక" అనేది. స్కానింగ్ అనగానే ముఖం మారింది. పాస్టరును అడగాలంది. అడిగింది. ఆయన చెప్పింది ఇది: దేవుడు మాటిచ్చాక యంత్రం పెట్టి చూసుకోవడం అవిశ్వాసం. ప్రభువును శోధించడం, ఆయనకే పరీక్ష పెట్టడం. సూచన, అంటే రుజువుగా ఒక గుర్తు, అడిగేది నమ్మకం లేనివాళ్ళు.

మరిదిని పట్టుకుని అడిగాను. వ్యాన్ తుడుస్తూనే జవాబు చెప్పాడు.

"వదినా, పంతొమ్మిదేళ్ళు నా ముఖం చూసి జాలిపడ్డారు. ఇప్పుడు జాలి మానేశారు. మీరు ఆ బొమ్మ తీయించి ఏదో తేడా ఉందంటే, నేను ఏ ముఖం పెట్టుకుని స్టూడియో గేటు దాటాలి?"

"నీ ముఖం సంగతి కాదు నాన్నా, దాని ప్రాణం సంగతి."

"ప్రాణాలు ఇచ్చేది ఎవరండీ? మాస్టారి కూతురు మీరు. మీకు నేను చెప్పాలా?"

ఆగస్టులో అడిగాను. సెప్టెంబరులో రెండు సార్లు అడిగాను, ఒకసారి అరిచాను. అక్టోబరులో చెల్లెలు నాతో పదిహేను రోజులు మాట్లాడలేదు. నాకు కడుపు పండలేదు కాబట్టి దాన్ని చూసి ఓర్వలేకపోతున్నానని సంఘంలో ఆడవాళ్ళు అనుకుంటున్నారని నాకు తెలిసింది. నేను ముఖాన అడిగితే, "అయ్యో మేమెందుకంటామమ్మా" అన్నారు. నా వెనక మాత్రం అన్నారు.

నవంబరులో పాస్టరుకే కాస్త బెదురు పుట్టినట్టుంది. కాలెండరు మనుషులది, కాలం దేవుడిది అన్నాడు. క్రిస్మస్ అన్నది ఉగాది కావచ్చు అన్నాడు. వేరే ఊళ్ళో, వేరే పనులు చేసుకునే జనమైతే ఇక్కడైనా మేలుకునేవారు. మా వాళ్ళకు అది వింతగా అనిపించలేదు. రిలీజు తేదీలు పోస్టర్ల మీద అచ్చు వేయడం, తర్వాత వాటి మీద కాగితం అంటించి మార్చడం వాళ్ళు రోజూ చూసేదే. తేదీ మారితే బొమ్మ ఆగిపోయిందని వాళ్ళలో ఎవరూ అనుకోరు. ఒక మేకప్ సహాయకురాలు నాకు సర్దిచెప్పింది కూడా: "దసరాకన్న బొమ్మ శివరాత్రికి రాలేదామ్మా? లేటయినవే ఎక్కువ ఆడతాయి." దేవుడి మాటకూ సినిమా పోస్టరుకూ తేడా చెప్పేవాడు ఆ షెడ్డులో లేడు. చెప్పాల్సినవాడు బోనులో నిలబడి కాగితం అంటిస్తున్నాడు.

డిసెంబరు 5, ఆదివారం, క్రిస్మస్ వాక్యం చదివే పని నాకు అప్పగించారు. నా గొంతు కోసమే ఏటా నాకిచ్చేవారు. కన్యక గర్భవతి అవుతుందని యెషయా చెప్పిన వచనం. అది ఏడేళ్ళ వయసులో చెల్లెలికి నాన్న ఇచ్చిన ప్రవచనం కూడా. నేనే పక్కన నిలబడి అందించాను. నాలుగు ప్రశ్నలకు అప్పుడు ఏం చెప్పిందో గుర్తు లేదు. రాజు భయపడ్డాడని ఒక్కటి చెబితే, చిన్నదని నాన్న నియమం సడలించి వేషం ఇచ్చారు, అంతే గుర్తు. నేను కూడా ఏళ్ళ తరబడి ఆ ఒక్క వచనమే తెరిచి, చదివి, మూసేశాను.

ముందు రోజు మధ్యాహ్నం గొంతు సవరించుకుందామని ఆ అధ్యాయం మొదటినుంచి చదివాను. శత్రువుల సైన్యాలు వస్తున్నాయి. రాజు వణికిపోతున్నాడు. దేవుడు ఆ రాజుకు కబురు పంపాడు: ఒక సూచన అడుగు, పాతాళమంత లోతుదైనా సరే, ఆకాశమంత ఎత్తుదైనా సరే. రాజు ఏమన్నాడు? నేను అడగను, దేవుణ్ణి శోధించను అన్నాడు. వినడానికి ఎంత భక్తిగా ఉంది. ప్రవక్తకు కోపం వచ్చింది. మనుషుల్ని విసిగించింది చాలక నా దేవుణ్ణి కూడా విసిగిస్తారా అని గద్దించాడు. ఆ గద్దింపు వెనకే మనం పండగనాడు పాడుకునే వచనం వస్తుంది.

రెండోసారి చదివాను. మూడోసారి చదవలేదు, అవసరం లేకపోయింది. జులై నుంచి బోనులోంచి వింటున్నది అక్షరాలా ఆ రాజు మాటే.

మర్నాడు మైకు దగ్గర నిలబడ్డాను. పద్నాలుగో వచనం అని పాస్టరు ప్రకటించాడు. నేను పది నుంచి మొదలుపెట్టాను. ఆయన పక్కనుంచి మెల్లగా, "సిస్టర్ గారూ, పద్నాలుగు నుంచి" అన్నాడు.

"నాలుగు వచనాలే ఎక్కువండీ, అయ్యగారూ. వాళ్ళకు ఆలస్యాలు అలవాటే."

ఎవరో నవ్వారు. నేను చదివాను. గొంతు పెంచలేదు, వణికించలేదు. రాజు మాట చదివాక ఆగాను. ఎక్కడ ఆగితే వినేవాడి ఊపిరి ఆగుతుందో ముప్ఫై ఏళ్ళ అనుభవం నాకు నేర్పింది. ఆ ఒక్కసారి ఆ విద్యను దేవుడి ఇంట్లో కావాలనే వాడాను. తర్వాత ప్రవక్త గద్దింపు చదివాను. అక్కడ బైబిలు మూసేశాను.

స్త్రీల వరసల్లోంచి చెల్లెలు లేచింది. లేవడానికి పక్కవాళ్ళు ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది.

"అక్కా, అడగనన్నది రాజా?"

"రాజే."

"దేవుడు అడగమన్నాకా?"

"అడగమన్నాకే."

పాస్టరు మైకు అందుకున్నాడు. "ఆ రాజు దుష్టుడు, విగ్రహాలు పెట్టుకున్నవాడు. మనం విశ్వాసులం. పోలిక లేదు."

"దుష్టుడి మాట మీకెలా వచ్చిందండీ మరి?" అన్నాను. మైకు లేకుండానే అన్నాను, చివరి వరసకు వినపడింది.

చెల్లెలు ఆయన వంక చూడలేదు. మొగుడి వంకా చూడలేదు. "రేపు పోదాం" అంది నాతో, "నాన్న నాలుగు ప్రశ్నలడిగితే నేను ఒక్కటే చెప్పాను కదా." చెప్పులు వెతుక్కుంటూ బయటికి నడిచింది.

సోమవారం ఉదయం పదిన్నరకు స్కానింగ్. డాక్టరమ్మ కాసేపు చూసి, తెరను తన వైపు తిప్పుకుంది. ఎన్ని నెలలన్నారు అని అడిగింది. తొమ్మిది నిండి పదోది అంది చెల్లెలు. ఆమె నా వంక చూసింది. బిడ్డ లేదని నాతో చెప్పబోతే, "నాకే చెప్పండమ్మా, కడుపు నాది" అంది చెల్లెలు. అండాశయంలో గడ్డ. పాకిపోయింది, పొట్టంతా నీరు. బయట నేను విడిగా అడిగాను. జులైలో వచ్చి ఉంటే గడ్డ ఒక్కటి తీస్తే సరిపోయేదేమో, ఇప్పుడు చెప్పలేను అందామె. ఆ 'ఏమో' ఇంకా నాలో అరుస్తూనే ఉంటుంది.

ఆటోలో చెల్లెలు ఏడవలేదు. యూసుఫ్‌గూడ మలుపు దగ్గర, "సంచి కొలత నువ్వు సరిగ్గానే చూశావక్కా" అంది.

డిసెంబరు 14న కోశారు. 1994 ఫిబ్రవరి 9, బుధవారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు పోయింది.

పాస్టరు వచ్చాడు. పిలవలేదు, వచ్చాడు. పెట్టె పక్కన నిలబడి, ప్రవచనం నెరవేరిందన్నాడు. ఈ సహోదరి గర్భంలో విశ్వాసమనే కుమారుడు పుట్టాడట, ఆమె ఆ బిడ్డతో పరలోకంలో ఉందట. శవం ముఖం మీద కూడా ఆ మనిషి డబ్బింగ్ చెప్పాడు. అది కదపలేని పెదవులకు ఆయన మాటలు అతికించాడు.

నేను లేచాను. "మోషే ధర్మశాస్త్రంలో ఒక కొలత ఉంది" అన్నాను. "ఒకడు దేవుడి పేరున చెప్పింది జరగకపోతే, అది దేవుడు చెప్పింది కాదు, వాడికి భయపడొద్దని. మీరు చెప్పారు, జరగలేదు. ఇక ఆపండి."

ఓనరమ్మ ఒక్కతే, "సచ్ బాత్, నిజమే చెప్పింది పెద్దమ్మ" అంది. మా వాళ్ళెవరో నా భుజం పట్టుకుని కూర్చోబెట్టారు. చావింట్లో గొడవెందుకమ్మా అన్నారు. చావింట్లో అబద్ధం ఎందుకని ఎవరూ అనలేదు. ఆయన ఇంకో ఇరవై నిమిషాలు మాట్లాడాడు. తర్వాతి ఆదివారం షెడ్డు నిండిందని విన్నాను. వాగ్దానాలు మోస్తున్నవాళ్ళు ఇంకా అందులో ఉన్నారు, రావడం మానేస్తే తమ వాగ్దానం పోతుందని వాళ్ళ భయం. నేను మళ్ళీ అందులో అడుగు పెట్టలేదు.

నమ్మకం పోయిందా అని నన్ను అడుగుతారు. పోలేదు. అడుగు అని చెప్పిన దేవుణ్ణి నేను నమ్ముతూనే ఉన్నాను. అడగొద్దని ఆయన పేరున చెప్పినవాణ్ణి క్షమించలేదు. క్షమించమని చెప్పడానికి వచ్చిన ఇద్దరికి టీ ఇచ్చి పంపించేశాను.

పోయినవి: చెల్లెలు, నలభై రెండేళ్ళకు. జులై నుంచి డిసెంబరు దాకా అయిదు నెలలు, అందులో ఏ వారమైనా సరిపోయేదేమో. మా మరిది ఉద్యోగం, తాగి వ్యాన్ గోడకు కొట్టాడు. గోడ మీది మూడు కడుపులు, కాస్ట్యూమ్స్ వాళ్ళు పట్టుకెళ్ళారు. ఏళ్ళ తరబడి కూర్చున్న సంఘం సహవాసం. డిసెంబరులో ఆ పద్నాలుగో వచనం పైకి చదవగలిగిన గొంతు.